గిన్నె నిండా ఊక

బీచ్‌లో నడుస్తున్నప్పుడు ఇసుక మీద అరచేయంత తెల్లటి పలక, పడవ ఆకారంలో, పట్టుకుంటే అసలు బరువే లేనట్టుండేది కనిపిస్తే నేను ఇప్పటికీ వంగి తీసుకుంటాను. మా వైజాగ్‌లో దాన్ని సముద్రపు నురుగు అంటారు. నిజానికి అది నురుగు కాదు. కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఎముకలా ఉండే భాగం, దాంట్లో ఉండే సన్నటి గదుల్లో గాలి నింపుకుని ఆ జీవి నీళ్ళలో తేలుతుంది, అది చచ్చిపోయాక ఇది ఒడ్డుకు కొట్టుకొస్తుంది. మూలికల కొట్లో సముద్రఫేనం అని అమ్ముతారు. నాకు మాత్రం అది పిట్టల మందు. నా ఎనిమిదేళ్ళప్పుడు ఒక తాత ఆ పేరు చెప్పాడు, నలభై దాటినా నా నోటికి అదే పేరు వస్తుంది.

1991 అనుకుంటా, నేను మూడో తరగతి. ఆదివారం తెల్లవారుజామున నాన్న నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని ఆర్.కె. బీచ్‌కి తీసుకెళ్ళేవాడు. కురుసురా సబ్‌మెరైన్ ఇంకా ఒడ్డెక్కని రోజులు, అది 2002లో కదా వచ్చింది. రామకృష్ణా మిషన్ ఎదురుగా ఇసుకలో నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే నేను గవ్వలు ఏరేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటికి దగ్గర్లో ఉన్న పార్కులో ఒక అరగంట ఆగేవాళ్ళం. ఆ పార్కు పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే అక్కడ ఇప్పుడు పని చేసేవాళ్ళని అన్నట్టుంటుంది, వాళ్ళకి ఈ సంగతులతో సంబంధం లేదు.

పార్కులో నిద్రగన్నేరు చెట్టు కింద పక్షుల బోను ఉండేది. ఎనిమిది మూలల బోను, పైన రేకుల గోపురం, చుట్టూ ఇనప జాలీ. మధ్యలో ఎండిపోయిన చెట్టు మాను ఒకటి నిలబెట్టి దాని కొమ్మలకి చిన్న చిన్న మట్టి ముంతలు వేలాడదీశారు. ఆ ముంతల్లోంచి ఆకుపచ్చవి, పసుపువి, నీలంవి తలలు బయటికి పెట్టి చూస్తుండేవి. మనం లవ్ బర్డ్స్ అంటాం గానీ వాటి అసలు పేరు బడ్జెరిగార్ అని, ఆస్ట్రేలియా ఎడారుల్లో వేల కొద్దీ గుంపులుగా నీటి కోసం, గడ్డిగింజల కోసం ఎగురుతూ తిరిగే పిట్టలని, అక్కడ ఉండేవన్నీ ఆకుపచ్చ పసుపు కలిసిన రంగేనని, ఈ నీలం తెలుపూ మనుషులు పెంచి తెప్పించిన రంగులని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఆ బోనులో అరవై డెబ్భై పిట్టలున్నాయి, అవన్నీ ఒకేసారి మాట్లాడుతుంటాయి. పక్క అరలో లక్కపావురాలు, తోక విసనకర్రలా విప్పుకుని తిరిగేవి. ఇంకో మూల నాలుగు రామచిలుకలు. ఎవరో ఇంట్లో పెంచి, ఊరొదిలి వెళ్ళిపోతూ రాత్రి పూట గేటు దగ్గర వదిలేసి పోయారట. నెత్తి మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ చుక్కలు ఉన్న కాక్‌టీల్ ఒకటే ఒకటి.

ఆ బోను చూసుకునే తాత పక్క పల్లె నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఖాకీ నిక్కరు, మెడలో తువ్వాలు, నోట్లో వెలిగించని చుట్ట. వెలిగిస్తే పిట్టలకి పొగ పడదని పార్కులో ఉన్నంతసేపూ దాన్ని అలా నములుతూనే ఉండేవాడు. ఆయన పర్మినెంట్ ఉద్యోగి కాదు, దినసరి కూలీ, అది కూడా పెద్దయ్యాకే నాకు అర్థమైంది. పిల్లలు జాలీ మీద కర్రతో గీస్తే మాత్రం కేకలు వేసేవాడు. మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని బోను దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళని కూడా వదిలేవాడు కాదు. "బాబూ, ఉప్పు. ఆ పిట్ట ఎంతుందో సూడు, నీ సెయ్యంత నేదు, దానికి నువ్వెట్టిన ఉప్పు ఇసం" అనేవాడు.

మొదటిసారి నన్ను పిలిచింది నా చేతిలో నురుగు చూసి. గవ్వలతో పాటు ఊరికే తెచ్చుకున్నాను, పలక మీద రాసుకోవచ్చని.

"ఏటమ్మా అది? ఇలగియ్యి."

ఇచ్చాను. దాన్ని తువ్వాలుతో తుడిచి, ఉప్పు పోయేలా బకెట్ నీళ్ళలో వేసి, వచ్చే ఆదివారం రమ్మన్నాడు. వచ్చే ఆదివారానికి అది తీగతో జాలీకి కట్టి ఉంది, మెత్తటి వైపు లోపలికి. ఒక ఆకుపచ్చ పిట్ట దాని మీద ముక్కు పెట్టి కరకరమని గీకుతోంది. గుడ్డు పెట్టే ఆడపిట్టలకి సున్నం కావాలని, లేకపోతే గుడ్డు లోపలే అడ్డం పడి పిట్ట చచ్చిపోతుందని, దీంట్లో ఉన్నదంతా సున్నమేనని చెప్పాడు. "కొట్లో కొంటే డబ్బులు. సముద్రం ఊరకే ఇత్తంది. నువ్వు తే, నాను కడతాను." అంతే, ఆ రోజు నుంచి నాకు ఒక పని ఉంది. వర్షాకాలం సముద్రం పొంగి ఉన్నప్పుడు ఎక్కువ దొరికేవి, గాలివాన వెళ్ళిన మర్నాడైతే రెండు చేతుల నిండా. అమ్మ ఇంట్లో చేపల వాసన వస్తోందని తిట్టేది, డాబా మీద ఎండబెట్టేదాన్ని.

ఆయన దగ్గర నేర్చుకున్నవి నాకు ఏ పుస్తకంలోనూ అంత సులువుగా దొరకలేదు. ముక్కు పైన మెత్తగా ఉండే చోటు నీలంగా ఉంటే పోతు, గోధుమరంగులో గరుకుగా ఉంటే పెట్ట. ఈకలు ఉబ్బించుకుని బంతిలా, పట్టపగలు, కింద మూల కూర్చుందంటే దానికి బాగోలేదు. అప్పటికే ఆలస్యం అయిందన్నమాట, ఎందుకంటే పిట్ట జబ్బు దాచుకుంటుంది, నీరసంగా ఉన్నదాన్నే డేగ ఎత్తుకుపోతుంది కాబట్టి ఆఖరి దాకా బాగున్నట్టే కూర్చుంటుంది. మే నెలలో నోళ్ళు తెరిచి, రెక్కలు ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టుకుంటే వేడి తట్టుకోలేకపోతున్నాయని, వాటికి మనలా చెమట పట్టదని. వైజాగ్ ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఉప్పగాలి, ఉక్క, రేకుల కింద నిలబడితే పొయ్యి పక్కన నిలబడ్డట్టుంటుంది. తాత పడమటి వైపు గోనెపట్టాలు కట్టి గంటకోసారి మగ్గుతో తడిపేవాడు. అక్టోబరులో రేడియోలో వాయుగుండం అని, పోర్టులో మూడో నంబరు హెచ్చరిక అని వస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే టార్పాలిన్ తెచ్చి సముద్రం వైపు మూడు మూలలు బిగించేవాడు. ఒకసారి రాత్రంతా అక్కడే పడుకున్నాడని నాన్న చెప్పాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఊక సంగతి. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక ఆదివారం నేను జాలీలోంచి చూసి "తాతా, గిన్నెలు నిండుగా ఉన్నాయి, ఇవాళ మళ్ళీ ఎందుకు వేస్తున్నావు?" అని అడిగాను. ఆయన నన్ను లోపలికి రానిచ్చాడు, ఆ ఒక్కసారే. చిన్న తలుపు, వంగి దూరాలి, వెనక దాన్ని మూసి, అప్పుడు రెండో తలుపు తీయాలి. గిన్నె నా చేతికిచ్చాడు. నిండుగా, బంగారు రంగులో, కొర్రలు. "ఊదు" అన్నాడు. ఊదాను. గిన్నెలో ఉన్నదంతా గాలికి లేచి నా మొహం మీద పడింది. అడుగున పదో పన్నెండో గింజలున్నాయి.

"సూసేవా? పిట్ట గింజ ఒలుసుకుని తింతాది. తోలు కింద పారీదు, గిన్నిలోనే ఉంచెత్తాది. పైనించి సూత్తే నిండుగున్నట్టే ఉంటాది. ఊదకపోతే, గిన్ని నిండా తిండుందనుకుంటాం, అయ్యి ఆకలికి సచ్చిపోతాయి. కళ్ళతో సూడకూడదమ్మా. సెవుల్తో సూడాల. గింజ ఒలిసినప్పుడు టిక్కుటిక్కుమని సప్పుడొత్తాది. ఆ సప్పుడు లేదంటే గిన్నిలో ఏటీ నేదు."

ఆ పిట్టలు ముప్పై నలభై గ్రాముల బరువు మించవు. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు తిండి లేకపోతే అయిపోయినట్టే. కొర్రలు, కొన్ని గంటెలు (సజ్జలు), వారానికి రెండుసార్లు కొత్తిమీర కాడలు, తోటకూర, ఇవి ఆయన పూర్ణా మార్కెట్ నుంచి సైకిల్ మీద తెచ్చేవాడు. బిల్లు ఎప్పటికో వచ్చేది. ఈలోగా కొట్టువాడికి తాతే బాకీ.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం వెళితే ఆయన లేడు. ఒంట్లో బాగోక మానేశాడన్నారు. రెండు నెలలు నురుగు తీసుకెళ్ళి జాలీ సందులోంచి లోపల పెట్టి వచ్చాను. కట్టేవాళ్ళు లేక అవి నేల మీద రెట్టల్లో పడి ఉండేవి. తరవాత పదో తరగతి, ట్యూషన్లు, ఇంటర్, పోటీ పరీక్షల టెన్షన్. పార్కు దారిలో వెళ్ళడమే తగ్గిపోయింది. తాత ఏ ఊరు, ఏ వీధి అని నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ బోను చుట్టూ ఉన్నదే. ఇప్పుడు తలుచుకుంటే దానికి మనసు చాలా కష్టంగా ఉంటుంది.

1999లో ఒక సాయంత్రం స్నేహితురాలితో అటు నుంచి వస్తూ లోపలికి వెళ్ళాను. బోను ఉంది. పిట్టలు తగ్గాయి, పాతికో ముప్పయ్యో. రామచిలుకలు లేవు. గోపురం రేకు ఒకటి లేచిపోయి ఉంది. జాలీ కింద ఒక జానెడు మేర తుప్పు తినేసింది, సముద్రపు గాలికి మా ఊళ్ళో ఇనుము ఎన్నాళ్ళని ఆగుతుంది, ఆ కన్నంలోంచి పందికొక్కులు వచ్చిపోయే దారి నున్నగా కనబడుతోంది. నీళ్ళ తొట్టి ఆకుపచ్చగా ఉంది. కానీ గిన్నెలు మూడూ నిండుగా ఉన్నాయి. నేను గిన్నెలు చూసి, పోనీలే తిండైనా పెడుతున్నారు అనుకుని వచ్చేశాను.

రాత్రి అన్నం తింటూ ఉంటే గుర్తొచ్చింది. ఆ బోను దగ్గర పావుగంట నిలబడ్డాను, టిక్కుటిక్కుమనే చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు.

తెలిసిన దాన్ని కూడా చూసి రాగలిగాను. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. తెలియనివాళ్ళని ఏమని అంటాం?

మర్నాడు పొద్దున్నే పరిగెత్తాను. జాలీలోంచి చెయ్యి పెట్టినా గిన్నె అందలేదు. ఒక పసుపు పిట్ట గిన్నెలో దిగి, ముక్కుతో ఊకని అటూ ఇటూ విసిరేస్తూ, అడుక్కి వెళ్ళడానికి చూస్తోంది. ఎదురుగా మొక్కలకి నీళ్ళు పడుతున్న మనిషిని పిలిచి చెప్పాను. ఆయన వచ్చి చూసి "గిన్నె నిండుగా ఉంది కదమ్మా" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన పని మొక్కలు. పొద్దున్న పది చోట్ల నీళ్ళు పట్టాలి, బోను తాళం ఆయన దగ్గర ఉన్నా అందులో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అప్పుడప్పుడూ బస్తాలోంచి గిన్నె మీద కాసిని గింజలు పోస్తున్నాడు, గిన్నె ఖాళీ అవడం లేదు కాబట్టి అవి సరిగ్గా తినడం లేదు అనుకుంటున్నాడు. నేను చెప్పినట్టు ఊది చూసి ఆయనే అదిరిపోయాడు. "అయ్యబాబోయ్, ఇన్నాళ్ళూ..." అని అక్కడే కూర్చుండిపోయాడు.

ఆ తరవాత రెండు మూడు నెలలు నేనూ నా స్నేహితురాలూ వంతులు వేసుకుని వెళ్ళాం. కిలో కొర్రలు కొనేవాళ్ళం, ఆయన తాళం తీసేవాడు, ఊదేవాళ్ళం, తొట్టి కడిగేవాళ్ళం. దగ్గరగా చూస్తే తెలిసింది ఎంత పాడైపోయాయో. చాలా పిట్టలకి ముక్కు చుట్టూ, కళ్ళ చుట్టూ తెల్లగా తేనెపట్టులా పొక్కు కట్టి ఉంది. అది కంటికి కనబడని పురుగు వల్ల వస్తుందని, ఐవర్‌మెక్టిన్ మందు చుక్కతో పోతుందని పశువుల డాక్టరు ఒకాయన చెప్పారు. అయితే ప్రతి పిట్టనీ పట్టుకుని వేయాలి, వారం పది రోజులకి మళ్ళీ వేయాలి. పట్టుకునే మనుషులు ఎవరు? కాక్‌టీల్ బతికే ఉంది. రొమ్ము మీద, రెక్కల కింద ఒక్క ఈక లేదు, కోడిని ఒలిచినట్టు ఎర్రటి చర్మం. తల మాత్రం చక్కగా, కుచ్చుతో సహా, నారింజ బుగ్గలతో అలాగే ఉంది. ముక్కు అందిన చోటల్లా తన ఈకలు తనే పీక్కుంది, అందని చోటు తల ఒక్కటే. తోడు లేక, చేయడానికి ఏమీ లేక అలా చేసుకుంటాయట. ఎనిమిదేళ్ళు ఆ మూల ఒక్కతే కూర్చుంది. దాని ఎదురుగా రోజూ వందల మంది నడిచి వెళ్ళారు, వాళ్ళలో కొన్నాళ్ళు నేనూ ఉన్నాను.

అర్జీ రాశాం. ఒక ఆఫీసుకి వెళితే పార్కు మాది గానీ పక్షులు మా సెక్షన్ కాదన్నారు. ఇంకో చోటికి వెళితే అడవి పక్షులైతే మేం చూస్తాం, ఇవి కొన్న పక్షులు కదా అన్నారు. ఎవరూ మమ్మల్ని కసురుకోలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు కూడా. కానీ ఆ బోను ఏ ఫైల్లోనూ లేదు. మొక్కలకి మాలీ పోస్టు ఉంది, గేటుకి వాచ్‌మన్ పోస్టు ఉంది, పిట్టలకి ఏ పోస్టూ లేదు. తాత చేసినదంతా ఎవరూ రాసివ్వని పని. ఆయన మానేసిన రోజున ఆ పని కూడా మానేసింది. అప్పుడే జూకి వెళ్ళి చూశాను, 1977 నుంచి కంబాలకొండ అంచున ఉన్న మన ఇందిరాగాంధీ జూ. అక్కడ పక్షుల ఎన్‌క్లోజర్లు ఉన్నాయి, డాక్టరు ఉంటారు, ఏ పక్షికి ఏం పెట్టాలో రాసి ఉంటుంది, పైన కేంద్ర జూ అథారిటీ ఉంది. అక్కడైనా బోను బోనే అనుకోండి. కానీ ఒక పిట్ట చచ్చిపోతే లెక్క రాసేవాళ్ళు ఒకరుంటారు.

చివరికి ఏమైందంటే, పార్కులో ఏదో కార్యక్రమం పెట్టుకున్నారు. బోనుకి కొత్త రంగు వేశారు, పిట్టలు లోపల ఉండగానే. ఆ పిట్టలు ముక్కుతో తీగని నములుతూ ఎక్కుతాయి. వద్దని, కొన్నాళ్ళు వేరే చోట పెట్టమని బతిమాలాను. రంగు ఆరాక ఏమీ కాదమ్మా అన్నారు. ఆ నెలలో ఎన్ని పోయాయో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టడానికి ధైర్యం చాలలేదు. కార్యక్రమం నాటికి కొత్తవి నలభై కొని తెచ్చి వదిలారు. బోను మళ్ళీ నిండుగా, రంగురంగులుగా, కిచకిచలాడుతూ. వచ్చినవాళ్ళందరూ ఫోటోలు తీసుకున్నారు. చచ్చినవాటి చోట కొత్తవి పెడుతుంటే ఎన్ని చచ్చాయో ఎవరికి తెలుస్తుంది, అది కూడా పైన ఊక కప్పడమే.

కాక్‌టీల్ ఆ కార్యక్రమానికి ముందే కనిపించడం మానేసింది. ఎక్కడ పెట్టారని అడిగితే చూడ్డానికి బాగోలేదని తీసేశాం అన్నారు. ఇంక అడగలేదు.

ఆ తరవాత ఉద్యోగం, హైదరాబాద్, పెళ్ళి. సంక్రాంతికి, దసరాకి వచ్చినప్పుడు పార్కు వైపు వెళ్ళేదాన్ని కాదు. నాన్న అప్పుడప్పుడూ ఫోన్‌లో "మీ పిట్టలకి ఇవాళ కొంచెం కొర్రలు వేసొచ్చాను" అనేవాడు, రిటైరయ్యాక ఆయనకి పొద్దున్న నడక అక్కడే. ఊది వేశారా అని అడిగేదాన్ని. "ఊదేనే, ఊదేను" అనేవాడు. హైదరాబాద్‌లో ఒకసారి కూర్చుని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం చదివాను. కదలడానికి చాలనంత ఇరుకు బోనులో ఉంచినా, పెంచుతున్న జీవికి సరిపడా తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోయినా 11వ సెక్షన్ కింద నేరమే. అర్జీ పట్టుకుని తిరిగిన రోజుల్లో ఆ కాగితం నా చేతిలో ఉంటే బాగుండును అనుకున్నాను. తరవాత జరిమానా ఎంతో చూశాను. మొదటిసారి అయితే 10 రూపాయల నుంచి 50 రూపాయలు. రామచిలుకల సంగతి కూడా అప్పుడే తెలిసింది. మన దేశపు చిలుకని బోనులో పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పు. 2018లో మన రాష్ట్రం దాన్నే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది, అయినా ఎన్ని ఇళ్ళ వరండాల్లో అది ఇంకా "అమ్మా, అన్నం" అంటూ పిలుస్తోందో.

2014 అక్టోబర్ 12, ఆదివారం. వైజాగ్ వాళ్ళెవరికీ ఆ తేదీ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను, గంటకి 180 కిలోమీటర్ల గాలి. పొద్దున్న పదింటికి నాన్నతో మాట్లాడుతుంటే ఫోన్ కట్ అయింది, మళ్ళీ గొంతు వినేసరికి మూడు రోజులు పట్టింది. ఐదో రోజు బస్సులో వచ్చాను. ఊరు ఊరులా లేదు. నిలబడి ఉన్న చెట్లకి కూడా ఒక్క ఆకు లేదు, కైలాసగిరి కొండంతా తగలబెట్టినట్టు గోధుమరంగులోకి తిరిగిపోయింది. అందరూ కరెంటు గురించి, పాల గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం చెవులకి ఏదో లోటుగా ఉంది. సాయంత్రానికి అర్థమైంది, ఊళ్ళో పిట్టల చప్పుడు లేదు.

నాన్న నన్ను పార్కుకి తీసుకెళ్ళాడు. నిద్రగన్నేరు వేళ్ళతో సహా పెళ్ళగించుకుని బోను మీద పడింది. గోపురం పచ్చడైపోయింది. ఒక వైపు జాలీ తెరుచుకుని నేల మీద చాప పరిచినట్టు ఉంది. ముంతలు పగిలిపోయాయి. రేకుల మీద లక్కపావురాలు రెండు కూర్చుని ఉన్నాయి, పావురం ఎక్కడికి పోయినా ఇంటికే వస్తుంది కదా, ఆ ఇల్లు అలా ఉన్నా వచ్చేశాయి. లవ్ బర్డ్స్ ఒక్కటీ లేదు.

"హాయిగా ఎగిరిపోయుంటాయిలే" అంది పక్కింటి పిన్ని. అమ్మ కూడా అదే అంది. నేను సరేనన్నాను. బోనులో పుట్టి, గిన్నెలో తప్ప ఇంకెక్కడా గింజ చూడని పిట్ట, అంత గాలిలో, ఆకు కూడా మిగలని ఊళ్ళో ఏం తింటుంది, ఎక్కడ దాక్కుంటుంది? కాకులున్నాయి, గద్దలున్నాయి. ఆ మాట పెద్దవాళ్ళతో అనలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉండి, నాన్నా నేనూ పావురాలకి గింజలు వేసి వచ్చాం.

ఆ చోట ఇప్పుడు ఓపెన్ జిమ్ ఉంది. పసుపు నీలం రంగుల ఇనప సామాన్లు, వాటి మీద పొద్దున్నే పెద్దవాళ్ళు కాళ్ళు ఊపుతుంటారు. బోను మళ్ళీ కట్టలేదు. నాకు అది సంతోషమే, చాలా సంతోషం. 2015లో ఢిల్లీ హైకోర్టు పక్షులకి ఆకాశంలో ఎగిరే హక్కుందని, వాటిని చిన్న బోనుల్లో పెట్టే హక్కు మనిషికి లేదని చెప్పిందని పేపర్లో చదివినప్పుడు ఆ కటింగ్ దాచుకున్నాను. కానీ ఇప్పటికీ ఏ ఊళ్ళో ఏ పార్కుకి, ఏ రోడ్డు పక్క హోటల్‌కి వెళ్ళినా మూలన ఒక జాలీ గూడు, అందులో పదో పాతికో పిట్టలు. రోజూ పొద్దున్న వచ్చి గిన్నె ఊదే మనిషి ఎవరు, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు, అని అడుగుతాను. మేనేజర్ నవ్వుతాడు. అడగడం మాత్రం మానను. ఆ ప్రశ్నకి జవాబు లేని చోట బోను కట్టకూడదు. పిల్లలకి పక్షులు చూపించాలంటే ఒక రావి మొక్క నాటండి, ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి, గోరింకలు అవే వస్తాయి.

మొన్న సంక్రాంతికి మధురవాడలో మా పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్ళాం. ఏడో అంతస్తు, బాల్కనీలో చిన్న పంజరం, రెండు లవ్ బర్డ్స్, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. పుట్టినరోజుకి ఎవరో ఇచ్చారట. అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్ళు. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. పండగ హడావిడి, ఇంటి నిండా చుట్టాలు, నాలుగు రోజుల నుంచీ ఎవరికీ తీరిక లేదని వదిన లోపలి నుంచి చెబుతోంది. పిట్టలు రెండూ ఒక కర్ర మీద దగ్గరగా, కొంచెం ఉబ్బి కూర్చున్నాయి. గిన్నె నిండుగా ఉంది.

"అత్తా, నేనే రోజూ చూస్తాను. అయిపోలేదు, చూడు."

గిన్నె బయటికి తీసి దాని చేతికిచ్చాను.

"ఊదు తల్లీ."

గట్టిగా ఊదింది. ఊకంతా లేచి నా చీర మీద, దాని జుట్టులో పడింది. అడుగు తెల్లగా కనబడింది. అది గిన్నె వంక చూసి, నా వంక చూసి, "అత్తా, మరి ఇవి ఎప్పట్నుంచి తినలేదు?" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తెలియదు బుజ్జీ, ముందు డబ్బా తీసుకురా అన్నాను. పరిగెత్తి తెచ్చింది, చేతులు వణుకుతుంటే సగం నేల మీద పోసింది. గిన్నె లోపల పెట్టి, నా బ్యాగులో పొద్దున్న బీచ్‌లో ఏరిన నురుగు ముక్క ఉంటే కడిగి తీగకి కట్టి, ఇద్దరం నేల మీద కూర్చున్నాం. లోపల టీవీ మోత. అన్నయ్య భోజనానికి పిలుస్తున్నాడు. వస్తున్నాం అని కేకేసి, బాల్కనీ తలుపు మూశాను.

"ఇప్పుడు ఏం చూడాలి అత్తా?"

"చూడటం కాదు. విను."

కాసేపటికి నీలంది ముందు దిగింది. ఆకుపచ్చది దాని వెనక. మొదట ఏమీ వినపడలేదు, కింద హైవే మీద లారీల చప్పుడు తప్ప. తరవాత వినిపించింది, సన్నగా, టిక్కుటిక్కుమని.